అమెరికా తెలుగు సంఘాల పెద్దలకి: శాలువాలు కప్పింది చాలు, ప్రభుత్వ రూల్స్ మీద కామెంట్ ఎప్పుడు పెడతారు?

అధ్యక్షులకి, ప్రెసిడెంట్ ఎలెక్ట్‌లకి, మాజీ అధ్యక్షులకి, బోర్డు చైర్మన్లకి, ట్రస్టీలకి, రీజనల్ కోఆర్డినేటర్లకి అందరికీ నమస్కారం. ఎవరి పదవైనా మర్చిపోతే ఏమీ అనుకోకండి, మన సంఘాల్లో పదవులన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

ఇది ఏ ఒక్క సంఘం మీదా రాసింది కాదు. పేర్లు రాయను. రాస్తే అసలు విషయం పక్కకి పోయి 'వీడు ఏ గ్రూపు మనిషి' అనే దగ్గర ఆగిపోతుంది, ఆ సంగతి మీకూ తెలుసు నాకూ తెలుసు. నేను డబ్బులు కట్టిన లైఫ్ మెంబర్‌ని, న్యూజెర్సీలో ఉంటాను, కన్వెన్షన్లకి వస్తాను, అందరితో పాటు భోజనం లైన్లో నిలబడతాను. కాబట్టి బయటోడెవడో అంటున్నాడులే అని కొట్టిపారెయ్యకండి.

సూటిగా చెప్తా. ఈ దేశం చట్టం మనలాంటి సంఘాలకి ఒక పని చెయ్యొద్దంది, ఇంకో పని ఎంతైనా చేసుకోండి అంది. మనమేమో ఆ వద్దన్నదాని అంచుల దాకా పోయి ఆటలాడుతున్నాం, చేసుకోమన్నదాని జోలికి దాదాపు పోవట్లేదు.

వద్దన్న పని ఏంటంటే, సంఘం పేరు మీద ఫలానా కాండిడేట్‌ని గెలిపించండి అని చెప్పడం. మన సంఘాల్లో చాలావరకు 501(సి)(3) కింద టాక్స్ మినహాయింపు ఉన్నవే, దాతలకి రసీదు ఇచ్చేది కూడా ఆ నంబర్ చూపించే, ఆ మినహాయింపుకి 1954 నుంచి ఈ షరతు అంటుకునే ఉంది. పోటీలో ఉన్నవాళ్ళందరినీ పిలిచి సమానంగా టైమిస్తే తప్పు లేదు. ఒక్కడినే స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, బొమ్మ చేతికిచ్చి, ఆయనతో 'నమస్కారం అండీ' అనిపించి, హాలంతా ఈలలేసి, మైకులో ఎవరో 'మన అభ్యర్థిని భారీ మెజారిటీతో' అని మొదలుపెడితే అది ఎక్కడికి పోతుందో మీ టాక్స్ లెక్కలు చూసే సీపీఏని అడగండి. సరే, ఇక చేసుకోమన్న పని. ఏదైనా ప్రభుత్వ ఏజెన్సీ కొత్త రూల్ ప్రతిపాదించి 'అభిప్రాయం చెప్పండి' అని జనాన్ని అడిగినప్పుడు సంఘం తరఫున రాసి పంపడం. బిల్లుల మీద కాంగ్రెస్ దగ్గర లాబీయింగ్ అయితే మనకి ఒక హద్దు ఉంది, ఏజెన్సీ రూల్ మీద కామెంట్ పంపడాన్ని మాత్రం టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ లాబీయింగ్ కింద లెక్కే వెయ్యదు. ఖర్చు లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఒక వెబ్‌సైట్, ఒక పీడీఎఫ్, అంతే. ఇప్పటికే చేస్తున్న సంఘం ఒకటో రెండో ఉంటే వాళ్ళకి దణ్ణం, ఈ లెటర్ వాళ్ళకి కాదు.

'ఆ కామెంట్లు ఎవడు చదువుతాడండీ' అని ఎవరో ఒకరు అంటారు, ప్రతిసారీ అంటారు. దానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1930లలో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ టైములో ఏజెన్సీలు రూల్స్ మీద రూల్స్ దించేవి. వాటిని ఒకచోట అచ్చేసే పద్ధతే లేదు. ఈస్ట్ టెక్సాస్‌లో పరిమితికి మించి ఆయిల్ తీశారని కేసులు పెట్టారు, అరెస్టులు కూడా అయ్యాయి, కేసు కింద కోర్టులు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తీరా చూస్తే, ఏ క్లాజు కింద కేసు పెట్టారో ఆ క్లాజు అంతకుముందు సవరణ చేసినప్పుడు పొరపాటున ఎగిరిపోయింది! లేని రూల్ తప్పారని మనుషుల్ని పట్టుకున్నారు, ఆ సంగతి ప్రభుత్వ లాయర్లకి కూడా ముందు తెలీదు. వాదనలప్పుడు జస్టిస్ బ్రాండైస్ అసలీ ఆర్డర్లు జనానికి ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. 1935 జనవరిలో తీర్పు వచ్చింది, అదే ఏడాది చట్టం చేశారు, 1936 మార్చి నుంచి ఫెడరల్ రిజిస్టర్ అనే గెజిట్ అచ్చవడం మొదలైంది. ఇవాళ మన వీసా రూల్ ఏది వచ్చినా ముందు కనపడేది అందులోనే. వర్కింగ్ డేస్‌లో రోజూ వస్తుంది, ఫ్రీగా చదవొచ్చు. మనం మాత్రం యూట్యూబ్ తంబ్‌నెయిల్‌లో 'అమెరికా సంచలనం, తెలుగోళ్ళకి షాక్' అని చూసి తెలుసుకుంటాం, అది వేరే సంగతి.

అచ్చెయ్యడం ఒకటే సరిపోలేదు. 1946 జూన్ 11న ప్రెసిడెంట్ ట్రూమన్ సంతకంతో అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ వచ్చింది. ఏజెన్సీ రూల్ చెయ్యాలంటే ముందు ప్రతిపాదన ప్రకటించాలి, సంబంధం ఉన్నవాళ్ళు రాసి పంపే అవకాశం ఇవ్వాలి, వచ్చినవాటిని పరిశీలించాలి, చివర్లో ఎందుకలా నిర్ణయించారో కారణం చెప్పాలి. ఇవేవీ చెయ్యకపోతే, లేదా ఇష్టమొచ్చినట్టు చేస్తే, కోర్టు కొట్టెయ్యొచ్చు. ఇంకో విశేషం చూడండి, సరిగ్గా మూడు వారాలకి, జులై 2న, అదే ట్రూమన్ ల్యూస్-సెల్లర్ యాక్ట్ మీద సంతకం పెట్టాడు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు మనోళ్ళకి సిటిజెన్‌షిప్ లేదు పొమ్మంటే, ఈ చట్టంతో ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది, ఇండియాకి ఏడాదికి వంద మంది కోటా. వందే! అయినా ఆ వంద కోసం కొట్లాడినవాళ్ళలో దలీప్ సింగ్ సాంద్ ఒకడు, కాలిఫోర్నియా ఇంపీరియల్ వాలీలో రైతు, అప్పటికి ఆయన సిటిజెనే కాదు, అవ్వడానికి చట్టమే ఒప్పుకోదు. ఓటు లేకుండానే మీటింగులు పెట్టాడు, అందర్నీ కలిశాడు. 1949లో సిటిజెన్ అయ్యాడు, 1956లో కాంగ్రెస్‌కి గెలిచాడు. మా వాట్సాప్ గ్రూపులో 'మనకి ఓటే లేదుగా, మనం చేసేదేముంది' అనేవాళ్ళకి ఈయన కథ పంపిస్తుంటా, ఎవరూ చదవరు, థంబ్స్ అప్ పెడతారు.

సరే ఇప్పుడు మన సొంత కేసులకి వద్దాం. వీటి గురించి మీలో కొందరికి నాకన్నా బాగా తెలుసు, కానీ స్టేజీ మీద ఎప్పుడూ చెప్పరు కాబట్టి రాస్తున్నా.

స్టెమ్ ఓపీటీ, అంటే సైన్స్, టెక్నాలజీ కోర్సులు చదివిన స్టూడెంట్లకి చదువయ్యాక పని చేసుకునే పర్మిషన్. మన పిల్లలు ఎంఎస్ అయ్యాక ఆ మూడేళ్ళు ఉద్యోగం చేసుకుని హెచ్1బి లాటరీకి మూడు నాలుగు సార్లు ట్రై చేస్తున్నారంటే దాని వల్లే. 2008లో మొదట మామూలు ఏడాది మీద 17 నెలల ఎక్స్‌టెన్షన్ ఇచ్చినప్పుడు డీహెచ్‌ఎస్ (హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ) 'అర్జెంటు' అని చెప్పి కామెంట్లు అడక్కుండానే రూల్ దించేసింది. మనకి అనుకూలమైన రూల్ కదా అని అందరూ సంతోషించారు. వాషింగ్టన్ రాష్ట్రంలో టెక్ వర్కర్ల యూనియన్ ఒకటి కోర్టుకెళ్ళింది, 2015 ఆగస్టులో డీసీ ఫెడరల్ జడ్జి కొట్టేశారు. కారణం? రూల్ చెడ్డదని కాదు, జనాన్ని అడక్కుండా చేశారని. వెంటనే అమలైతే వేల మంది రోడ్డున పడతారని కొన్ని నెలలు గడువిచ్చారు. అప్పుడు డీహెచ్‌ఎస్ పద్ధతి ప్రకారం ప్రతిపాదన పెట్టింది, 30 రోజుల్లో 50 వేలకి పైగా కామెంట్లు వచ్చాయి, 2016 మే 10 నుంచి 24 నెలల ఎక్స్‌టెన్షన్ రూల్ అమల్లోకి వచ్చింది. ఈసారి దాని మీద కోర్టుకెళ్ళినా నిలబడింది, 2022లో డీసీ సర్క్యూట్ కోర్టు కూడా ఓకే అంది. అడక్కుండా చేసింది కూలిపోయింది, అడిగి చేసింది నిలబడింది, మన పిల్లలు ఆ రెండోదాని మీద బతుకుతున్నారు.

అదే కత్తి అటువైపు కూడా తెగుతుంది. 2020 అక్టోబర్‌లో లేబర్ డిపార్ట్‌మెంట్ హెచ్1బి జీతాల లెవల్స్ ఒక్కసారిగా పెంచేసింది, కోవిడ్ నిరుద్యోగం కాబట్టి అర్జెంటు, కామెంట్లకి టైం లేదు అంది. డిసెంబర్ 1న కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి దాన్ని పక్కన పడేశాడు. కోవిడ్ వచ్చింది మార్చిలో, మీరు అక్టోబర్ దాకా కూర్చుని ఇప్పుడు అర్జెంటు అంటే ఎట్లా అన్నట్టు ఉంటుంది ఆ ఆర్డర్. అదే ఏడాది జులైలో ఆన్‌లైన్ క్లాసులు మాత్రమే ఉన్న స్టూడెంట్లు దేశంలో ఉండకూడదని ఇమిగ్రేషన్ పోలీసు ఏజెన్సీ ఐస్ ప్రకటించింది కదా, హార్వర్డ్, ఎంఐటీ ఇదే 1946 చట్టం పట్టుకుని కోర్టుకెళ్తే, ప్రకటించిన ఎనిమిది రోజులకే వెనక్కి తీసుకున్నారు.

హెచ్4 ఈఏడీ (హెచ్1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని పర్మిట్) సంగతి మీ అందరి ఇళ్ళల్లోనో, పక్కింట్లోనో ఉంది. 2014 మే లో ప్రతిపాదన, 13 వేల దాకా కామెంట్లు, 2015 మే 26 నుంచి అమలు. ఎంసీఏలు, ఎంబీబీఎస్‌లు చేసి ఇక్కడ వంటగదికి పరిమితమైన ఆడవాళ్ళకి ఒక కార్డు వచ్చింది. తర్వాత దాన్ని తీసేస్తామని 2017 నుంచి అంటూనే ఉన్నారు, ఆ ప్రతిపాదన బయటికి అచ్చవకుండానే 2021 జనవరిలో వెనక్కి పోయింది. రూల్‌ని పెట్టడానికి ఎంత ప్రొసీజర్ కావాలో తియ్యడానికీ అంతే కావాలి, ఆ ఆలస్యమే మనోళ్ళని కాపాడింది. ఊరికే కాపాడలేదు, ప్రతి మెట్టు దగ్గరా రాసేవాళ్ళు, కేసేసేవాళ్ళు ఉండబట్టి.

ఇంకో విషయం, ఇది కొంచెం చిరాగ్గానే చెప్తున్నా. మన మీటింగుల్లో గ్రీన్ కార్డు బ్యాక్‌లాగ్ గురించి, ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యుఎస్‌సిఐఎస్‌ని తిడతారు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదనే క్యాప్ కాంగ్రెస్ 1990 చట్టంలో రాసింది. యుఎస్‌సిఐఎస్ దాన్ని ఒక్క పాయింటు కూడా కదపలేదు, ప్రెసిడెంట్ కూడా కదపలేడు. ఇంట్లో కరెంటు పోతే నీళ్ళ ట్యాంకరు వాడి మీద అరిచినట్టుంటుంది. ఆ క్యాప్ తియ్యడానికి 2019 జులైలో హౌస్‌లో 365-65 తో బిల్లు పాసయింది. సెనేట్ 2020 డిసెంబర్‌లో ఇంకో రకంగా పాస్ చేసింది, రెండూ కలవలేదు, ఆ కాంగ్రెస్ ముగిసింది, బిల్లు పోయింది. అక్కడ ఒత్తిడి పెట్టాల్సింది సెనేటర్ల ఆఫీసుల మీద. ఒక్క హెచ్1బి మనిషిని చూడండి, జీతం, పని వివరాలు రాసే ఎల్‌సీఏ దరఖాస్తు లేబర్ డిపార్ట్‌మెంట్‌ది, పిటిషన్ యుఎస్‌సిఐఎస్‌ది, పాస్‌పోర్టులో స్టాంపు స్టేట్ డిపార్ట్‌మెంట్‌ది, ఎయిర్‌పోర్ట్‌లో దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే ఐ-94 రికార్డు బోర్డర్ ఏజెన్సీ సీబీపీది. పాత ఇమిగ్రేషన్ శాఖ ఐఎన్‌ఎస్‌ని 2003లో విడగొట్టి దాని పనిని యుఎస్‌సిఐఎస్, సీబీపీ, ఐస్‌లకి పంచారు. ఎవరి దగ్గర ఏ పని ఉందో తెలియకుండా అందర్నీ కలిపి 'ట్రంప్ గవర్నమెంట్' అనో 'బైడెన్ గవర్నమెంట్' అనో అనేసి ఊరుకుంటే ఎవరికీ తగలదు.

2025 సెప్టెంబర్ 19, ఆ శుక్రవారం సాయంత్రం గుర్తుందా? హెచ్1బికి లక్ష డాలర్లు కట్టాలని ప్రెసిడెంట్ ఇచ్చిన ప్రొక్లమేషన్. విమానం ఎక్కి కూర్చున్నవాళ్ళు దిగిపోయారు, ఇండియాలో ఉన్నవాళ్ళు దొరికిన టికెట్ ఎంతైతే అంతకి కొనుక్కుని పరిగెత్తారు. మర్నాటికి యుఎస్‌సిఐఎస్ ఇది 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదు అని క్లారిటీ ఇచ్చింది. ఆ రాత్రి జనానికి కావాల్సింది ఖండన ప్రకటన కాదు. ఆ కాగితం మొత్తం చదివి, ఇది చట్టమా, రూలా, మెమోనా, ప్రొక్లమేషనా, ఎవరికి వర్తిస్తుంది, ఎప్పట్నించి, అని పది లైన్లలో తెలుగులో చెప్పే మనిషి. కల్చరల్ కమిటీకి ఇరవై మంది, రిసెప్షన్ కమిటీకి ముప్ఫై మంది ఉంటారు కదా, దీనికి ఇద్దర్ని పెట్టలేమా?

సిటిజెన్‌షిప్ టెస్టుకి మనోళ్ళు చదివినట్టు ఇంకెవరూ చదవరేమో, కారులో ఆడియో పెట్టుకుని మరీ చదువుతారు. 2008 నుంచి నడిచిన 100 ప్రశ్నల లిస్టులో 55వ ప్రశ్న ఒకటుంది, అమెరికన్లు తమ ప్రజాస్వామ్యంలో పాల్గొనే మార్గాలు రెండు చెప్పమని. లిస్టులో పది జవాబులు ఇచ్చారు. ఓటెయ్యడం, పార్టీలో చేరడం, ప్రచారంలో సాయం చెయ్యడం, సివిక్ గ్రూపులో చేరడం, కమ్యూనిటీ గ్రూపులో చేరడం, ఎన్నికైనవాళ్ళకి మన అభిప్రాయం చెప్పడం, సెనేటర్లకీ రిప్రజెంటేటివ్‌లకీ ఫోన్ చెయ్యడం, ఒక ఇష్యూని బాహాటంగా సమర్థించడమో వ్యతిరేకించడమో, పోటీ చెయ్యడం, పేపర్‌కి రాయడం. అందరం మొదటి రెండూ బట్టీ కొట్టి గండం గట్టెక్కాం. (2025 అక్టోబర్ నుంచి లిస్టు 128 అయింది, 20 అడుగుతారు, 12 రావాలి, ఇంకా బట్టీ పెరుగుతుంది.) ఆ పదిలో సగానికి పైగా సిటిజెన్ కానివాళ్ళు కూడా చేసుకోదగ్గవే అని మనకి ఎవరైనా చెప్పారా?

రాజ్యాంగంలో ఫస్ట్ అమెండ్‌మెంట్ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు గురించి చెప్తుంది. 14వ సవరణ 'సిటిజెన్' అని ఒకచోట, 'ఏ మనిషైనా' అని ఇంకోచోట వేరువేరుగా అంటుంది, ఆ తేడా ఊరికే పెట్టింది కాదు. 1880లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క బిల్డింగుల్లో లాండ్రీ నడపాలంటే సిటీ బోర్డు పర్మిషన్ కావాలన్నారు, రెండొందల మంది చైనా వాళ్ళు అడిగితే ఒక్కరికీ ఇవ్వలేదు, మిగతా ఎనభై మందిలో ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. 1886లో యిక్ వో కేసులో సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. ఆ లాండ్రీ వాళ్ళు సిటిజెన్లు కారు. రూల్ కాగితం మీద బాగానే ఉన్నా అమలు చేసేవాడి చెయ్యి వంకరైతే కూడా తప్పే అని తేల్చిన కేసు అది.

కామెంట్ ఎవరైనా పెట్టొచ్చు, ఎఫ్1 స్టూడెంట్లు, హెచ్4 వాళ్ళు, గ్రీన్ కార్డు వాళ్ళు, హైదరాబాద్‌లో కూర్చున్న నాన్నగారు కూడా. భయం ఉన్న మాట నిజమే, ఈ రోజుల్లో ఇంకా ఎక్కువ, పేరు పెట్టి రాస్తే వీసా మీద పడుతుందేమో అని. ఆ భయాన్ని వెక్కిరించను, ఇల్లూ పిల్లలూ పణంగా ఉన్నవాళ్ళని ధైర్యంగా ఉండండి అని చెప్పడం తేలిక. కామెంట్లు పంపే సైటు రెగ్యులేషన్స్ డాట్ గవ్‌లో పేరు లేకుండా పంపే ఆప్షన్ ఉంది. అంతకన్నా మంచిది సంఘం. వంద మంది కథలు తీసుకుని, పేర్లు తీసేసి, సంఘం లెటర్‌హెడ్ మీద ఒక్క కామెంట్. మనిషి కనపడడు, విషయం రికార్డులోకి వెళ్తుంది. మీరు ఉన్నది దీనికే అని నేను అనుకుంటున్నా.

అలాగని ఏదిపడితే అది చెయ్యమని కాదు. రెండు చోట్ల మనోళ్ళు నిజంగా ఇరుక్కుంటున్నారు, అవి స్టేజీ మీద పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఒకటి, సిటిజెన్‌షిప్పూ గ్రీన్ కార్డూ రెండూ లేని మనిషి ఏ ఎన్నికకీ, ఏ కాండిడేట్‌కీ ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, ఫెడరలే కాదు స్కూల్ బోర్డు ఎన్నికైనా సరే. మన ఫండ్‌రైజర్లలో టేబుల్ స్పాన్సర్ చెయ్యమని కుర్రాళ్ళ మీద ఒత్తిడి పెట్టేవాళ్ళు ఈ లైను రెండుసార్లు చదవండి. జీతం తీసుకోకుండా వాలంటీర్ చెయ్యడం వేరు, అది తప్పు కాదు. రెండోది, డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటర్‌గా నమోదు చేస్తామా అని అడిగితే చూసుకోకుండా టిక్ పెట్టడం. గ్రీన్ కార్డు ఉన్నా సిటిజెన్ కాదు. తర్వాత సిటిజెన్‌షిప్ ఫారంలో ఎప్పుడైనా ఓటర్‌గా రిజిస్టర్ అయ్యారా అని అడుగుతారు, అక్కడ దొరికిపోతారు, ఓటేస్తే డిపోర్టేషన్ దాకా పోవచ్చు. జ్యూరీ సమన్లు కూడా అంతే, న్యూజెర్సీలో లైసెన్సు లిస్టుల నుంచి, టాక్స్ ఫైలింగుల నుంచి కూడా పేర్లు తీస్తారు కాబట్టి హెచ్1బి వాళ్ళకీ వస్తుంది. చెత్తబుట్టలో పడెయ్యకుండా 'సిటిజెన్ కాదు' అని జవాబు పంపాలి. సిటిజెన్లు మాత్రం 'జ్యూరీ డ్యూటీ తప్పించుకునే చిట్కాలు' ఫార్వర్డ్ చెయ్యడం ఆపాలి. మనలో ఎవడైనా కోర్టులో నిలబడిన రోజున ఆ పన్నెండు మందిలో మనల్ని అర్థం చేసుకునేవాడు ఒకడుంటే బాగుండు అనుకుంటాం కదా.

లోకల్ సంగతి ఒకటి చెప్పి ముగిస్తా. గుడి కట్టడానికి, ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చే జోనింగ్ బోర్డు హియరింగ్ ఉందంటే మన జనం ఎలా వస్తారో చూశారా, కుర్చీలు చాలవు, ట్రాఫిక్ ఇంజినీర్ చెప్పే పార్కింగ్ లెక్కలు కూడా శ్రద్ధగా వింటారు. పర్మిషన్ వచ్చిన మర్నాటి నుంచి ఆ టౌన్‌షిప్ మీటింగులో మన మొహం ఒక్కటి కనపడదు. మళ్ళీ గుడి ఎక్స్‌టెన్షన్ అప్పుడే. అక్కడ కూర్చునే పక్కింటి పెద్దాయన ప్రతి నెలా వస్తాడు, బోర్డు వాళ్ళకి ఆయన పేరు తెలుసు, ఆయన మాట తెలుసు. న్యూజెర్సీలో 1975 నుంచి ఓపెన్ పబ్లిక్ మీటింగ్స్ యాక్ట్ ఉంది, టౌన్ కౌన్సిల్, స్కూల్ బోర్డు మీటింగుల్లో జనం మాట్లాడడానికి టైం ఇవ్వాల్సిందే, వీసా స్టేటస్ ఎవరూ అడగరు. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టింది, మాంట్‌గోమరీ కౌంటీలో రోడ్లూ ట్రాఫిక్ చూసే ఇంజినీర్‌గా ఏళ్ళ తరబడి పనిచేసింది, తర్వాత అసెంబ్లీకి వెళ్ళింది. ఆమె మన కన్వెన్షన్ స్టేజీ నుంచి పుట్టలేదు, కౌంటీ ఆఫీసు నుంచి వచ్చింది.

ఇక నేను అడిగేవి. వచ్చే కన్వెన్షన్‌లో నగల స్టాళ్ళకీ ప్లాట్ల స్టాళ్ళకీ మధ్య ఒక టేబుల్, రెండు లాప్‌టాప్‌లు. ఆ రోజుకి ఏ రూల్ మీద కామెంట్ విండో తెరిచి ఉందో బోర్డు మీద రాయండి, వచ్చినవాళ్ళతో అక్కడే రాయించండి. కాపీ పేస్ట్ వద్దు, ఒకేలాంటివి వెయ్యి వచ్చినా ఏజెన్సీ వాటిని కట్టగట్టి ఒకే పాయింటు కింద జవాబిస్తుంది. ఒక్కో మనిషి తన సంగతి రాయాలి, ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు, ఏం పని, ఎంత టాక్స్ కట్టారు, ఈ రూల్ వస్తే ఏ నెలలో ఏం ఆగిపోతుంది, దీనికి బదులు ఏం చెయ్యొచ్చు. తిట్లు వద్దు, 'అమెరికా గొప్ప దేశం' అని నాలుగు పేరాలూ వద్దు. పాస్‌పోర్ట్ నంబర్లు, రిసీట్ నంబర్లు అసలు వద్దు, అది లోకమంతా చూసే పేజీ. సీరియస్ పాయింట్ ఎత్తితే ఏజెన్సీ దానికి ఫైనల్ రూల్‌లో జవాబు చెప్పాలి, దాటేస్తే రేపు కోర్టులో జడ్జి ముందు అదే పనికొస్తుంది. మీకు ఎవడు చదువుతాడని కదా డౌటు, ఇదే జవాబు.

దాని పక్కనే ఇంకో కుర్చీ వేసి ఫోయా (ఇక్కడి సమాచార హక్కు చట్టం) రిక్వెస్ట్ ఎలా పెట్టాలో చూపించండి, సొంత ఇమిగ్రేషన్ ఫైల్ తెప్పించుకోవడానికి ఎవరైనా అడగొచ్చు. ఆ చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టింది 1966 జులై 4న, మన కన్వెన్షన్లు చాలావరకు ఆ వీకెండ్‌లోనే కాబట్టి పోస్టర్‌కి కూడా బాగుంటుంది. కాంగ్రెస్ మెంబర్ వచ్చినప్పుడు ఫొటో దిగండి, కాదనను, కానీ ఆయన డిస్ట్రిక్ట్ ఆఫీసులో కేస్‌వర్క్ చూసే స్టాఫ్‌ని కూడా పిలవండి. ఆగిపోయిన ఈఏడీ కోసం ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం పెడితే ఏజెన్సీని అడిగేది ఆ స్టాఫే, ఆయన కాదు. వాళ్ళకి భోజనం కూపన్ మర్చిపోవద్దు, మొన్నొక చోట గెస్టులకే మర్చిపోయారు.

టేబుల్ దగ్గర కూర్చోడానికి నేను రెడీ, నాతో పాటు ఇంకో నలుగురు ఉన్నారు, వాళ్ళలో ఒకావిడ ఇమిగ్రేషన్ లాయర్. స్టేజీ అక్కర్లేదు, శాలువా అక్కర్లేదు, వైఫై పాస్‌వర్డ్ ఇస్తే చాలు. కమిటీలు వేసేముందు ఒక్క మెయిల్ పెట్టండి.

ఇట్లు,
మీ లైఫ్ మెంబర్ ఒకడు,
న్యూజెర్సీ